బండి ఇంజను వేడితో స్నానానికి వేణ్ణీళ్ళు: గొట్టం ఎక్కడి నుంచి తీయాలి?

కాలువగట్టు (అమలాపురం):

అందరికీ నమస్కారం. రెండేళ్ళ క్రితం 12 సీట్ల డీజిల్ వ్యాను ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాను. లోపలి సీట్లు తీయించి రెండు మంచాలు, చిన్న వంటగట్టు, 80 లీటర్ల నీళ్ళ ట్యాంకు, 12 వోల్టుల పంపు, 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ పెట్టించి, సెలవు దొరికినప్పుడల్లా ఇంటిల్లిపాదీ, అంటే ముగ్గురమూ, దానిలోనే తిరుగుతున్నాము. ఇంతవరకూ వేణ్ణీళ్ళ ఏర్పాటు ఒక్కటే కుదరలేదు.

కోనసీమ చుట్టుపక్కల తిరిగినంతకాలం ఆ లోటు తెలియలేదు. కార్తీకమాసంలో పంచారామాలు చుట్టి వచ్చినప్పుడు మా అమ్మగారు ఎటూ చన్నీళ్ళే పోసుకున్నారు. గత డిసెంబరులో లంబసింగి వెళ్ళినప్పుడు మాత్రం తెల్లవారుజామున ట్యాంకులోని నీళ్ళు వేలు పెట్టనివ్వలేదు. ఆవిడకు 74 ఏళ్ళు. స్నానం కానిదే కాఫీ చుక్క ముట్టరు. చలికి తలుపులన్నీ మూసుకుని గ్యాసు పొయ్యి మీద గిన్నెతో కాచాము. ఆవిరంతా పైకప్పుకు పట్టి పరుపుల మీద బొట్లు బొట్లుగా కారింది. రెండో గిన్నె దింపుతుండగా మసిగుడ్డ జారి సగం నీళ్ళు నా పాదం మీద పడ్డాయి. బొబ్బ మానడానికి పది రోజులు పట్టింది. ముందురోజు సాయంత్రమే ఘాటు ఎక్కి వచ్చిన ఇంజనులో అంత వేడి వృథాగా పోయిందే, దానిని నీళ్ళలో పట్టి ఉంచుకోలేమా అన్న ఆలోచన అప్పుడు కలిగింది.

మా ఊరి దగ్గర ఒక షెడ్డులో అడిగితే, రేడియేటర్ పై గొట్టాన్ని కోసి టీ (మూడు నోళ్ళ అతుకు) వేసి, స్టీలు డ్రమ్ములో రాగి గొట్టం చుట్టగా పెట్టి ఇస్తామన్నారు. మరొక చోట ఆ చుట్ట కూడా దండగే, రేడియేటర్ కింది కుళాయి నుంచి బకెట్టులోకి పట్టుకుని చన్నీళ్ళు కలుపుకోండి అన్నారు. ఆ మాట విన్నాక నేను ఇంకేమీ మాట్లాడకుండా బండి తిప్పుకుని ఇంటికి వచ్చేశాను.

నా వ్యానులో ఏసీ ఉన్నది గానీ వేడి గాలి వచ్చే ఏర్పాటు లేదు. అటువంటి బండిలో కూలెంట్‌ను, అంటే ఇంజనును చల్లబరుస్తూ తిరిగే ద్రవాన్ని, ఎక్కడి నుంచి తీసుకోవాలి? సాయంత్రం కాగిన నీళ్ళు తెల్లవారేదాకా వేడిగా నిలుస్తాయా? దీనివల్ల ఇంజనుకు ఏమైనా చేటు ఉందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.


వశిష్ఠపాయ (నరసాపురం):

కాలువగట్టు గారికి నమస్కారం. నేను చాలా ఏళ్ళు చేపల బోట్ల ఇంజన్ల మీద పని చేశాను. మీరు అడుగుతున్న ఏర్పాటు రోడ్డు బండ్ల కంటే బోట్లలోనే ఎక్కువ వాడుకలో ఉన్నది. విదేశాలలో మనుషులు నివాసముండే పడవల్లో ఇంజను కూలెంట్‌తో నీళ్ళు కాచే ట్యాంకును క్యాలరిఫయర్ అంటారు. లోపల ఒక లోహపు చుట్ట ఉంటుంది. చుట్టలో కూలెంట్ తిరుగుతుంది, చుట్ట బయట స్నానం నీళ్ళు ఉంటాయి. ఆ రెండూ ఎన్నటికీ కలవకూడదు. కూలెంట్‌లో ఉండే ఎథిలీన్ గ్లైకాల్ విషం, పైగా రుచికి తియ్యగా ఉంటుంది. రేడియేటర్ నీళ్ళు బకెట్టులో పట్టుకోమన్న పెద్దమనిషికి దూరంగా ఉండి మంచి పని చేశారు.

ఇక రేడియేటర్ పై గొట్టం సంగతి. మీ షెడ్డువారు చెప్పినట్టు చేస్తే రెండు విధాలా నష్టమే. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ థర్మోస్టాట్ వాల్వు మూసుకుని ఉంటుంది. చాలా ఇంజన్లలో అది 82 డిగ్రీల పైన గాని తెరుచుకోదు. అందాకా ఆ పై గొట్టంలోకి వేడి కూలెంట్ రాదు గనుక మీ ట్యాంకుకూ వేడి అందదు. తెరుచుకున్న తరువాత, ఇంజను ప్రాణానికి ఆధారమైన ప్రవాహానికి మీరు అడ్డం పెట్టినట్టవుతుంది. రెండు అంగుళాలకు కాస్త తక్కువగా ఉండే ఆ లావుపాటి గొట్టాన్ని కోసి, సన్నని చుట్ట గుండా దారి మళ్ళిస్తే మే నెలలో ఘాటు రోడ్డు మీద ఇంజను వేడెక్కి, దాని పైభాగపు అతుకులో ఉండే హెడ్ గాస్కెట్ పోతుంది. కోయకుండా టీ మాత్రమే వేస్తే, కూలెంట్ సుఖమైన దారినే పోతుంది గాని మీ చుట్టలోకి ఎందుకు వస్తుంది?

తీసుకోవలసినది హీటర్ లైను నుంచి. ఇంజను పైభాగమైన హెడ్డు నుంచి బయలుదేరి, క్యాబిన్ హీటర్ గుండా తిరిగి, వాటర్ బాడీ (కూలెంట్‌ను తిప్పే ఇంజను పంపు) పీల్చే వైపుకు చేరే చిన్న దారి అది. థర్మోస్టాట్ మూసి ఉన్నా తెరిచి ఉన్నా, ఇంజను తిరుగుతున్నంతసేపూ ఆ దారిలో కూలెంట్ పారుతూనే ఉంటుంది. మీ బండిలో హీటర్ లేకపోయినా అదే ఇంజను హీటరుతో వచ్చే బండ్లలో కూడా వాడి ఉండవచ్చు గనుక, హెడ్డు వెనుక భాగాన ఒకటి, వాటర్ బాడీ దగ్గర ఒకటి బిరడాలు కొట్టి మూసిన రంధ్రాలు ఉంటాయేమో ముందుగా వెతికించండి. ఒక్కొక్కసారి ఆ రెండింటినీ కలుపుతూ బొటనవేలంత లావున్న చిన్న రబ్బరు గొట్టం మాత్రమే వంపు తిరిగి ఉంటుంది. లోపలి కొలత ఎక్కువగా 16 మిల్లీమీటర్లు. అది దొరికితే సగం పని అయిపోయినట్టే.

ఒక జాగ్రత్త. కొన్ని కొత్త ఇంజన్లలో పొగను చల్లార్చే ఈజీఆర్ కూలర్ కూడా ఇదే లైను మీద ఉంటుంది. అటువంటి బండిలో ఈ ప్రవాహం ఎప్పుడూ ఆగిపోకూడదు. అందుచేత ట్యాంకును లైనులో వరుసగా కలిపి, పక్కనే ఒక బైపాస్ గొట్టం, రెండు బాల్ వాల్వులు పెట్టించండి. ఎండాకాలంలో వేణ్ణీళ్ళతో పని ఉండదు. 80 డిగ్రీల ట్యాంకును మంచం కింద పెట్టుకుని నిద్రపోవడం ఎవరి వల్లా కాదు. అప్పుడు ట్యాంకు వైపు మూసి బైపాస్ తెరుచుకోవచ్చు.

ట్యాంకును ఎంత కిందికి పెడితే అంత మంచిది. కూలెంట్ బాటిల్‌లోని మట్టం కంటే చుట్ట ఎత్తుగా ఉంటే గాలి అక్కడ చేరి కూర్చుంటుంది. 16 మిల్లీమీటర్ల గొట్టం పోను నాలుగు మీటర్లు, రాను నాలుగు మీటర్లు పడితే దానిలోనే లీటరున్నర పైచిలుకు కూలెంట్ పడుతుంది. చుట్టతో కలిపి రెండు లీటర్లు అదనంగా సిద్ధం చేసుకోండి. ఇంతకుముందు పోసిన రకమే పోయాలి, రంగు ఒకటే కదా అని వేరే రకం కలపకూడదు. సాదా నీళ్ళతో సరిపెట్టడం అసలు వద్దు.


లంకతోట (రాజోలు):

వశిష్ఠపాయ గారు ఇంజను వైపు సంగతులు చక్కగా చెప్పారు. నేను స్నానం నీళ్ళ వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది అక్కడే.

మా వైపు సముద్రం దగ్గర. బోరు కాస్త లోతుకు దించితే ఉప్పు తగులుతుంది. కాలువలు కట్టేసిన వేసవిలో చెరువు నీళ్ళు కూడా చిక్కబడతాయి. నేను స్థానికంగా చేయించుకున్న 20 లీటర్ల స్టీలు ట్యాంకులో ఏడాదిన్నర పాటు ఇంటి బోరు నీళ్ళే పోశాను. మొదట షవరు రంధ్రాలలో తెల్లని పెచ్చులు రావడం మొదలైంది. గోటితో నలిపితే సున్నంలా పొడి అయ్యేవి. తరువాత నీళ్ళు కాగడానికి పట్టే సమయం పెరిగింది. చివరకు ఒకరోజు మంచం కింద చెక్క నానిపోయి కనిపించింది. ట్యాంకు విప్పి చూస్తే, రాగి చుట్ట మీద బెల్లం పాకం పట్టినట్టు సున్నపు పొర మందంగా పేరుకుని ఉన్నది. మూత అతుకు వెంట గుండుసూది మొనంత రంధ్రం పడి, దాని చుట్టూ తుప్పురంగు మచ్చ ఉన్నది. అది 304 రకం స్టీలు అన్నారు. ఉప్పునీళ్ళు, వేడి, అతుకు దగ్గర బిగువు, ఈ మూడూ కలిస్తే ఆ స్టీలు పగులుతుందని, అందులోనూ 60 డిగ్రీలు దాటితే మరింత ప్రమాదమని నాకు తరువాత తెలిసింది. ఉప్పు తగిలే చోట 316 రకం మేలు.

మీకు నా సలహా ఏమిటంటే, వేడి ట్యాంకులోకి బోరు నీళ్ళు పోయకండి. ఊరూరా దొరికే 20 లీటర్ల టిన్ను నీళ్ళు నాలుగు పోయిస్తే మీ 80 లీటర్ల ట్యాంకు నిండిపోతుంది, సున్నం బాధ దాదాపు ఉండదు. స్నానానికి టిన్ను నీళ్ళా అని మా ఇంట్లోనూ నవ్వారు. కొత్త ట్యాంకు ధర చెప్పాక నవ్వు ఆగింది. ఇప్పటికే సున్నం పట్టి ఉంటే కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పును లీటరుకు 40, 50 గ్రాముల చొప్పున గోరువెచ్చని నీళ్ళలో కరిగించి, కొన్ని గంటలు నిలవ ఉంచి, రెండు మూడుసార్లు కడిగితే వదులుతుంది. బాత్రూము కడిగే యాసిడ్ మాత్రం పోయకండి. అది సున్నంతో పాటు స్టీలునూ తినేస్తుంది.

మరొక సంగతి. నీళ్ళు కాగితే పెరుగుతాయి. 25 డిగ్రీల దగ్గర నింపిన 20 లీటర్లు 85 డిగ్రీలకు చేరేసరికి అర లీటరు పైన అదనంగా చోటు అడుగుతాయి. చన్నీళ్ళు వచ్చే దారిలో నాన్ రిటర్న్ వాల్వు ఉంటుంది గనుక అవి వెనక్కి పోలేవు. కాబట్టి ఒత్తిడి మించితే తెరుచుకునే సేఫ్టీ వాల్వు ట్యాంకు మీద తప్పనిసరిగా ఉండాలి. దాని గొట్టం వ్యాను నేలలోంచి కిందికి దించి బయటకు వదలాలి. పెరిగిన నీళ్ళకు చోటిచ్చే చిన్న ఎక్స్‌పాన్షన్ ట్యాంకు కూడా ఒకటి పెట్టుకుంటే ఆ వాల్వు ప్రతిసారీ చుక్కలు కార్చదు. నేను చేయించిన ట్యాంకుకు ఈ రెండూ లేవని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నది; అతుకు పగలడానికి అది కూడా ఒక కారణమేమో.

చుట్టకు చిల్లు పడితే ఎలా తెలుస్తుంది అన్నది కూడా ఆలోచించుకోండి. మీ 12 వోల్టుల పంపు ఆగే ఒత్తిడి సాధారణంగా 2.8 బార్ దాకా ఉంటుంది; కూలెంట్ వైపు రేడియేటర్ మూత దాదాపు ఒక బార్ దగ్గరే వదిలేస్తుంది. అందువల్ల పంపు వేసి ఉన్నంతసేపూ మంచినీళ్ళే కూలెంట్‌లోకి దూరి, కూలెంట్ బాటిల్‌లో మట్టం కారణం లేకుండా పెరుగుతుంది. పంపు ఆపి, కుళాయి తిప్పి ఒత్తిడి వదిలేశాక ఇంజను వేడిగా ఉంటే ఇది తిరగబడుతుంది, అంటే కూలెంటే మీ స్నానం నీళ్ళలోకి వస్తుంది. బాటిల్ మీద స్కెచ్ పెన్నుతో గీత పెట్టి, బయలుదేరే ముందు ఇంజను చల్లగా ఉండగానే ప్రతిసారీ చూసుకోండి. ఆ ట్యాంకు నీళ్ళు తాగడానికి గాని, వంటకు గాని వాడకండి.


గోష్పాదం (కొవ్వూరు):

ముందుగా కాలువగట్టు గారికి ఒక హెచ్చరిక. తలుపులన్నీ మూసిన వ్యానులో గ్యాసు పొయ్యి వెలిగించడంలో కాలిన పాదం చిన్న నష్టం. గాలి ఆడని చోట మంట సరిగా కాలక వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఇకపై కిటికీ తెరవకుండా పొయ్యి వెలిగించకండి.

లెక్కకు వద్దాము. 20 లీటర్ల నీళ్ళను 25 నుంచి 65 డిగ్రీలకు కాచడానికి సుమారు 0.93 యూనిట్ల శక్తి కావాలి. మీ 12.8 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మొత్తం కలిపి 1.28 యూనిట్లు. ఇన్వర్టరులో పోయేది కూడా కలుపుకుంటే ఒక్కసారి నీళ్ళు కాచేసరికి బ్యాటరీలో నాలుగింట మూడు వంతుల పైనే ఖర్చయిపోతుంది. కనుక ఇంజను వేడిని వాడుకోవాలన్న మీ ఆలోచన సరైనదే. మంచి చుట్ట ఉన్న ట్యాంకైతే రోడ్డు మీద అరగంట ప్రయాణంలో ఈ పని అయిపోతుంది. నిలబెట్టి ఐడిలింగులో మాత్రం ఎదురుచూడకండి. భారం లేని డీజిల్ ఇంజను వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది, డీజిలూ దండగ, పక్కవారికి పొగా దండగే.

ఆ 20 లీటర్లు ముగ్గురికి చాలుతాయా అంటే చాలుతాయి. 65 డిగ్రీల నీళ్ళను 20 డిగ్రీల చన్నీళ్ళతో కలిపి 40 డిగ్రీలకు తెస్తే సుమారు 45 లీటర్లు అవుతాయి. లంబసింగిలో ట్యాంకు నీళ్ళే 10 డిగ్రీలు ఉన్నాయనుకుంటే 36 లీటర్లు అవుతాయి. మన లెక్కలో మనిషికి ముప్పాతిక బకెట్టు.

తెల్లవారేదాకా నిలుస్తాయా అన్న ప్రశ్నకు సమాధానం ట్యాంకు చుట్టూ ఉన్న మెత్త మీద ఆధారపడి ఉంటుంది. 40, 50 మిల్లీమీటర్ల మందాన పీయూ ఫోమ్ పోయించి, గొట్టాలకు కూడా తొడుగు వేస్తే పది గంటలలో పది డిగ్రీలకు అటూ ఇటూగా తగ్గుతుంది. అయితే ఇక్కడ ఒక దొంగ ఉన్నాడు. ఇంజను ఆపాక అది చల్లారుతుంటే, ట్యాంకులోని వేడి చుట్టలోని కూలెంట్‌ను కదిలించి తనంతట తానే గొట్టాల వెంట ఇంజను వైపు ప్రవహించేలా చేస్తుంది. ట్యాంకుకూ ఇంజనుకూ మధ్య గొట్టాలు ఒకచోట కిందికి వంగి మళ్ళీ లేచేలా వేయిస్తే ఇది చాలావరకు ఆగుతుంది.

వశిష్ఠపాయ గారితో నాకు ఒక్కచోటే పేచీ. రెండు వేరు వేరు బాల్ వాల్వులు పెడితే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు రెండూ మూసేస్తారు. ఈజీఆర్ కూలర్ అదే లైనులో ఉన్న బండిలో అది ఖరీదైన పొరపాటు అవుతుంది. సెలవుకు వచ్చిన మేనల్లుడు ఏ వాల్వు కనిపించినా తిప్పి చూస్తాడన్నది మన ఇళ్ళలో కొత్త విషయం కాదు.

కొందరు మీకు ట్యాంకు ఎందుకు, ప్లేటు హీట్ ఎక్స్‌ఛేంజరు చాలు అంటారు. అది అరచేతంత ఉంటుంది, నీళ్ళు దాని గుండా పోతూ పోతూ వేడెక్కుతాయి. కానీ ఇంజను తిరుగుతూ ఉండాలి, లేదా కూలెంట్‌ను తిప్పడానికి వేరే ఎలక్ట్రిక్ పంపు ఉండి, ఇంజనులో వేడి మిగిలి ఉండాలి. నది దగ్గర ఆగి బురద కాళ్ళు కడుక్కునేవారికి అది బాగుంటుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు స్నానం చేసే మీ అమ్మగారికి పనికిరాదు.

చివరిగా, ఎవరూ ఇంకా ఎత్తని థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వు, అంటే వేణ్ణీళ్ళలో చన్నీళ్ళను తనంతట తానే కలిపి మనం పెట్టిన వేడికి తెచ్చే వాల్వు. ఇంత చర్చలో అన్నిటికంటే ముందు కొనవలసిన వస్తువు అదే. ఇంజను కూలెంట్‌తో కాగిన నీళ్ళు 80 డిగ్రీలు దాటగలవు. 60 డిగ్రీల నీళ్ళే అయిదారు సెకన్లలో లోతైన గాయం చేస్తాయి. వయసు మళ్ళినవారి చర్మం మరీ పలుచన, చెయ్యి వెనక్కి తీసుకునేసరికీ ఆలస్యమవుతుంది. ట్యాంకు నుంచి బయటకు వచ్చే చోటనే ఆ వాల్వు పెట్టి 40, 42 డిగ్రీల దగ్గర కట్టేయండి. మగ్గుతో కలుపుకుంటాములే అని దానిని మానేయకండి.

అడగని సంగతి ఒకటి చెబితే ఏమీ అనుకోకండి. సీట్లు తీసి మంచాలు వేసిన మార్పు మీ ఆర్‌సీలో నమోదైనదా? 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీలులేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీనిని గట్టిగా చెప్పింది. క్యారవాన్లకు ఏఐఎస్-124 అని వేరే ప్రమాణమే ఉన్నది. నీళ్ళ ట్యాంకు కంటే అదే ముందుగా చూసుకోవలసిన పని.


వశిష్ఠపాయ (నరసాపురం):

గోష్పాదం గారి అభ్యంతరం న్యాయమైనదే, ఒప్పుకుంటున్నాను. రెండు బాల్ వాల్వులకు బదులు ఒకే పిడి ఉన్న మూడు దారుల వాల్వు పెట్టించండి. పిడి ఒకవైపు ఉంటే కూలెంట్ చుట్టలోకి పోతుంది, రెండో వైపు తిప్పితే బైపాస్‌లోకి పోతుంది. కొనేటప్పుడు పిడి పావు చుట్టు తిరిగి ఆగిపోయే రకాన్నే అడగండి. పూర్తిగా గుండ్రంగా తిరిగే రకంలో దారులు మూసుకుపోయే స్థానం ఉంటుంది. రాత్రి బండి ఆపాక బైపాస్ వైపు తిప్పితే వారు చెప్పిన దొంగ కూడా చాలావరకు కట్టుబడతాడు.


కాలువగట్టు (అమలాపురం):

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. పని పూర్తి చేయించి, నడిపి చూసిన తరువాతనే రాద్దామని ఆగాను.

హెడ్డు వెనుక బిరడా, వాటర్ బాడీ దగ్గర మూసిన రంధ్రం రెండూ దొరికాయి. 20 లీటర్ల 316 స్టీలు ట్యాంకు తయారైనదే తెప్పించాను. దానిని వంటగట్టు కింద నేలకు ఆనించి, బ్రేకు వేసినప్పుడు కదలకుండా ఛాసిస్‌కు పట్టీలతో బిగించాము. మిక్సింగ్ వాల్వు, సేఫ్టీ వాల్వు, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, మూడు దారుల వాల్వు అన్నీ పెట్టించాను. ఆర్‌సీ విషయంలో గోష్పాదం గారి ప్రశ్నకు నా దగ్గర గర్వంగా చెప్పుకునే సమాధానం లేదు. ఆ కాగితాల పని ఇప్పుడు మొదలుపెట్టాను.

మొదటి ప్రయాణం రాజమండ్రి దాకా అనుకుని బయలుదేరాము. రావులపాలెం వంతెన దాటి జొన్నాడ వచ్చేదాకా అంతా బాగానే ఉన్నది. ఆ తరువాత టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ ఉండే చోటు వదిలి పైకి జరగడం చూసి, కడియపులంక దగ్గర ఒక నర్సరీ ముందు నీడలో ఆపాను. వచ్చే గొట్టాన్ని పట్టుకుంటే చెయ్యి కాలింది, తిరిగి పోయే గొట్టం మాత్రం గోరువెచ్చగా కూడా లేదు. చుట్టలో గాలి ఇరుక్కున్నదని అర్థమైంది. మూత వేడి మీద తీయకూడదని తెలుసు గనుక గంటకు పైగా అక్కడే కూర్చున్నాము. ఆ గంటలో మా ఆవిడ ఎనిమిది మొక్కలు కొన్నది, వాటిని పెట్టడానికి చోటు లేక ఒక మంచం మడిచాము.

ఇంజను చల్లారాక మూత తీసి, మూడు దారుల వాల్వును చుట్ట వైపు ఉంచి, ఇంజను మెల్లగా తిరుగుతుండగా గొట్టాన్ని ఒక చివర నుంచి రెండో చివర దాకా పితుకుతూ పోయాము. బాటిల్‌లో బుడగలు గుడగుడమని పైకి వచ్చి, మట్టం ఒక్కసారిగా దిగిపోయింది. ముప్పాతిక లీటరు కూలెంట్ పట్టింది. అప్పటి నుంచి రెండు గొట్టాలూ సమానంగా కాగుతున్నాయి, ముల్లు పాత చోటనే నిలిచింది.

తరువాత మారేడుమిల్లి వెళ్ళాము. సాయంత్రం ఆరున్నరకు బండి ఆపినప్పుడు ట్యాంకు మీది మీటరు 78 చూపించింది. తెల్లవారి నాలుగున్నరకు 64 ఉన్నది. గోష్పాదం గారి లెక్క కంటే నాలుగు డిగ్రీలు ఎక్కువే పోయాయి; వేణ్ణీళ్ళ గొట్టానికి తొడుగు వేయించకపోవడం వల్ల కావచ్చు. ముగ్గురమూ స్నానం చేశాక కూడా గిన్నెలు కడుక్కోవడానికి మిగిలాయి. మా అమ్మగారు మాత్రం ఇంటి దగ్గర కాగులో నీళ్ళకు ఉండే కట్టెల వాసన వీటికి లేదని, వట్టి మందునీళ్ళలా ఉన్నాయని అన్నారు. టిన్ను నీళ్ళని నేను చెప్పలేదు.

ఒక్క సందేహం మిగిలింది. వాటర్ బాడీ వైపు హోస్ క్లిప్పు దగ్గర చిన్న తడి కనిపిస్తున్నది. కారడం లేదు, కానీ వేలు రాస్తే జిగురుగా తగులుతున్నది. మార్చాలా?


వశిష్ఠపాయ (నరసాపురం):

వెంటనే మార్చనక్కరలేదు. కొత్త రబ్బరు గొట్టం వేడికి రెండు మూడుసార్లు కాగి చల్లారాక కాస్త నలిగి సర్దుకుంటుంది, అప్పుడు క్లిప్పు వదులవుతుంది. ఇంజను పూర్తిగా చల్లగా ఉండగా ఒక్క అరచుట్టు బిగించి, తడి తుడిచి, ఒక కాగితం ముక్క చుట్టి రేపు చూడండి. కాగితం పొడిగా ఉంటే సరే. రంగు అంటితే మాత్రం గొట్టం ఊడదీసి, లోపలి లోహపు ముక్కు మీద పాత బిరడా తీసినప్పుడు పడిన గీత ఏదైనా ఉందేమో వేలితో తడిమి చూడండి. 500 కిలోమీటర్లు తిరిగాక తక్కిన క్లిప్పులన్నీ కూడా ఒకసారి ఇలాగే బిగించుకోండి, అన్నిటికంటే ముందు చేతికి అందని ఆ హెడ్డు వెనుకది.